ముందు మనిషి తారీఖు

ఇంకా పిలవలేదు. పిలవకపోతే బాగుండు, ఆ తలుపు ఇంకాసేపు అలా మూసుకునే ఉంటే బాగుండు అనుకుంటున్నాను గానీ, పొద్దున్న ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు నా తొందర చూడాలి, త్వరగా చూపించేసుకుంటే మధ్యాహ్నం ఆఫీసులో మీటింగు అందుకోవచ్చని అత్తయ్యని చెప్పులైనా సరిగ్గా తొడుక్కోనివ్వలేదు. జ్ఞాపకశక్తి విభాగం అని తలుపు మీద పెద్దపెద్ద అక్షరాలతో రాశారు. ఎందుకొచ్చామో మర్చిపోకుండా కాబోలు అని, ఆస్పత్రిలో అడుగుపెట్టగానే ఫోన్లో మా ఆయనతో జోకేశాను నేను. పక్కనే అత్తయ్య. తనూ నవ్వింది. కోడలు జోకేస్తే నవ్వాలి కదా మరి, నవ్వకపోతే అర్థం కాలేదనుకుంటాం, అర్థం కాలేదంటే అదీ ఆవిడ ఖాతాలోకే వెళ్తుంది, ఈమధ్య తను చెంచా కింద పడేసినా మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుంటున్నాం. ఛీ, ఆ నవ్వు ఇప్పుడు గుర్తొస్తుంటే నోరంతా చేదుగా ఉంది. పావుగంట క్రితం దాకా నేను మంచి కోడల్ని. సగం రోజు సెలవు పెట్టి మరీ అత్తగారిని డాక్టరుకి చూపించడానికి తీసుకొచ్చిన కోడల్ని.

అంతా ఆ కౌంటర్ దగ్గర జరిగింది. ఎలాగూ వచ్చాం కదా, రెండుసార్లు తప్పిపోయిన అత్తయ్య కంటి ఆపరేషన్‌కి మళ్ళీ ఓ తారీఖు ఇప్పించుకుందామని అడిగాను. కౌంటర్లో అమ్మాయి మంచిది, గోళ్ళ రంగు సగం ఊడిపోయి ఉంది, చిన్నపిల్ల, ముసలివాళ్ళంటే విసుగు లేదు. చకచకా టైపు చేసి అత్తయ్య వైపు వంగి, "అమ్మమ్మగారూ, తారీఖుకి ముందు వారం కూడా రాశానండి. అంకెలంటే మర్చిపోతారు గానీ వారం మర్చిపోరు కదా ఎవరూ. కిందటి రెండుసార్లూ అలాగే రాశాను మీకు" అంది. ఎంత బాగా చెప్పింది, ఎంత ఆప్యాయంగా చెప్పింది. అత్తయ్య తలూపింది. నేను ఆ అమ్మాయి భుజం మీదుగా స్క్రీను చూశాను. గురువారం అని ఉంది, ఆ తర్వాత కాస్త జాగా, ఆ తర్వాత అంకెలు. ఆ గడి నాకు తెలుసు. ఈ ఆస్పత్రికి సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీలోనే నా ఉద్యోగం. ఆ గడిలో రాసిందంతా రోజూ సాయంత్రం నా ప్రోగ్రాముకి వస్తుంది, నా ప్రోగ్రాము దాన్ని చదివి ఎవరెప్పుడు రావాలో వాళ్ళ ఫోన్లకి మెసేజ్ పంపుతుంది. నా ప్రోగ్రాము మొదట అంకె కోసం చూస్తుంది. వారం పేరు కోసం కాదు. అక్కడే, కౌంటర్ చెక్కని పట్టుకుని నిలబడిపోయాను. "ఏమ్మా, కళ్ళు తిరుగుతున్నాయా?" అంది అత్తయ్య. నన్ను! నన్ను కుర్చీ దాకా నడిపించుకొచ్చింది ఆవిడే.

నేను చేసే పని ఇంట్లో ఎవరికీ అర్థం కాదని నాకు ఒకలాంటి గర్వం ఉండేది. తారీఖంటే మనకి తారీఖు. మిషనుకి అది ఒట్టి అక్షరాల వరస. సి భాషలో దాన్ని విడగొట్టడానికి స్ట్రిప్‌టైమ్ అని మేం పిలుచుకునే ఫంక్షన్ ఒకటుంది. దానికి ఆ అక్షరాల వరస ఇవ్వాలి, అందులో ఏది ముందు ఏది వెనక ఉంటుందో చెప్పాలి, ఓ పెట్టె ఇవ్వాలి. పెట్టెలో అరలుంటాయి, రోజుకో అర, నెలకో అర, ఏడాదికి, గంటకి, నిమిషానికి. నెలల్ని సున్నా నుంచి లెక్కపెడుతుంది, ఏళ్ళని పంతొమ్మిది వందల నుంచి. ఇది ఒకసారి అన్నం తింటూ చెబితే అత్తయ్య ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగి, "నెలలు సున్నా నుంచా? కడుపుతో ఉన్నవాళ్ళకి చెప్పకు తల్లీ, ఇంకో నెల మొయ్యాలేమోనని హడలి చస్తారు" అంది. అందరం పొలమారేలా నవ్వాం. అప్పుడు అత్తయ్య అలా ఉండేది. కొత్తగా చేరినవాళ్ళు ఆ నెలకి ఒకటి కలపడం మర్చిపోతారు, ఫిబ్రవరికి జనవరి వెళ్ళిపోతుంది, నేను మర్చిపోలేదు. నేనేదీ మర్చిపోను. ఆ మాట నేను చాలాసార్లు అన్నాను, ఆఫీసులోనూ ఇంట్లోనూ, అత్తయ్య వినేలాగానూ.

వరసలో అనుకున్నది కనిపించకపోతే ఆ ఫంక్షన్ ఆగిపోతుంది. నావల్ల కాలేదు అని నల్ ఇస్తుంది, అంతే, అరవదు, గోల చెయ్యదు. అది ఏమిచ్చిందో మనం చూసుకోవాలి. నేను చూడలేదు. పైగా పెట్టెని, ఒక్కొక్కరి తారీఖూ వరసగా చదివే లూప్ బయట పెట్టాను, మనిషి మనిషికీ కొత్త పెట్టె ఎందుకని, అందరికీ అదే పెట్టె, మధ్యలో తుడవడం కూడా లేదు. చదవడం కుదరకపోతే అందులో ఏముంటుంది? ముందు మనిషి తారీఖే ఉంటుంది. ఒకరు తిన్న ఎంగిలి కంచంలోనే తర్వాతవాళ్ళకి వడ్డించినట్టు. ఎవరో ముందు మనిషి శనివారం రావాలి, ఆ శనివారం అత్తయ్య ఫోనుకి వెళ్ళింది. మా సీనియరు ఒకాయన ఉండేవాడు, వెనకాల నసగారు అని పిలిచేవాళ్ళం, ఆయన నా కోడ్ చూసి, "అది చేతకాలేదని చెబుతుంటే వినడానికి ఎవరూ లేరేంటమ్మా ఇక్కడ?" అన్నాడు. కౌంటర్లో ఎలా రాయాలో అందరికీ చెప్పాం సార్, వాళ్ళు వేరేగా రాయరు అన్నాను. "మనుషులు కదమ్మా, రాస్తారు" అన్నాడు. టీ దగ్గర ఆయన గొంతు అనుకరించి మరీ చెప్పాను అందరికీ, మనుషులు కదమ్మా అని, ముక్కుతో. బాగా నవ్వారు.

మొదటిసారి అత్తయ్య ఒక్కతే వచ్చింది ఇక్కడికి, ఆపరేషనని పొద్దుట్నుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టకుండా. మీది అయిపోయిందండీ, మొన్నే రావాల్సింది అని చెప్పి పంపించేశారు. ఇంటికొచ్చి గుమ్మంలోనే కూర్చుండిపోయింది. మెసేజ్‌లో ఈవేళే ఉందమ్మా అంటుంది. ఏదీ చూపించండి అంటే మెసేజ్ లేదు, చదివినవి చదివినట్టు తుడిచెయ్యకపోతే ఫోను నిండిపోతుందని నేర్పింది నేనే. అప్పుడు నేనేం చేశానూ? ఆఫీసు లాప్‌టాప్ తెరిచి ఆస్పత్రి స్క్రీను చూపించాను, కౌంటర్లో టైపు చేసింది టైపు చేసినట్టే అక్కడ కనిపిస్తుంది కదా, ఇదిగో అత్తయ్యా, గురువారం అని శుభ్రంగా ఉంది చూడండి అన్నాను. ఆ వారం పేరు నా కళ్ళ ముందే ఉంది. తారీఖు ముందు ఓ మాట ఉందేమిటి, ఇది నా ప్రోగ్రాము ఎలా చదివిందబ్బా అని ఒక్క క్షణం అనిపించలేదు. అనిపించదు, ఎందుకంటే తప్పెవరిదో నాకు ముందే తెలిసిపోయింది. పంపిన మెసేజ్‌లు చూడాలంటే ఇంకో బటన్ నొక్కితే చాలు. నొక్కలేదు. కంప్యూటర్ తప్పు చెయ్యదు అత్తయ్యా అన్నాను, చిన్నపిల్లలకి చెప్పినట్టు, తియ్యగా. ఆ తియ్యదనం తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు జలదరిస్తోంది. విసుక్కున్నా బాగుండేది, అరిచినా బాగుండేది.

రెండోసారి. రెండోసారి సంగతి తలుచుకోకుండా ఉండాలని ఇందాకట్నుంచీ ఎదురుగోడ మీది ఫ్యాన్ చూస్తున్నాను, కుర్చీల వరస చూస్తున్నాను, నేల మీద ఎవరి చెప్పుల బురదో చూస్తున్నాను. కానీ వచ్చేసింది, వచ్చి ఎదురుగా కూర్చుంది. సాయంత్రం, హాల్లో, నేను లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని ఉన్నాను, అత్తయ్య ఫోను చేత్తో పట్టుకుని వచ్చి నా పక్కన నిలబడింది. "గురువారం అన్నట్టు గుర్తమ్మా, ఇందులో శనివారం అని వచ్చింది, ఒకసారి చూస్తావా?" అంది. నేను తలెత్తలేదు. మెసేజ్‌లో ఏముంటే అదే అత్తయ్యా, మీ గుర్తు సంగతి తెలిసిందేగా అన్నాను. సరేనని వెళ్ళిపోయింది. వంటింటి వైపు వెళ్ళిన చప్పుడు కూడా గుర్తుంది ఇప్పుడు. శనివారం ఇక్కడికొచ్చింది, మళ్ళీ గురువారమే అయిపోయిందన్నారు, ఇంటికొచ్చి, నిన్ను అడిగానుగా అమ్మా అంది. మా ఆయన కూడా ఉన్నాడు. అడగలేదత్తయ్యా, నాతో అలా ఏం అనలేదు మీరు అన్నాను. అబద్ధం చెప్పానా? చెప్పలేదు, ఒట్టు, అప్పుడు నాకు నిజంగానే గుర్తులేదు. ఏదీ మర్చిపోని నాకు గుర్తులేదు. ఆవిడ మాట నా చెవిలో పడింది గానీ నేను వినలేదు. ఇప్పుడు చూస్తే మాటకి మాట ఉంది లోపల, ఎక్కడికీ పోలేదు. ఆ రోజు అత్తయ్య నా మొహంలోకి చాలాసేపు చూసింది. తర్వాత కొడుకు మొహంలోకి చూసింది. "అయితే కలగన్నానేమోలే" అంది.

అంతే, ఇక ఆ రోజునుంచీ నలుగురూ కలిసి మేకని కుక్కని చేశాం. నలుగురు కూడా కాదు, ఇద్దరమే సరిపోయాం. స్టవ్ మీద పాలు పొంగితే చూశావా అన్నాడు మా ఆయన, ఆ పాలు పెట్టింది నేనే అని నేను చెప్పలేదు, చెప్పాలని తోచలేదు. చెప్పిన కథే మళ్ళీ చెబితే కళ్ళతో సైగ చేసుకున్నాం, మా ఆయన తన ఆఫీసు మేనేజరు కథ ఎన్నిసార్లు చెబుతాడో ఆ దేవుడికెరుక. బీరువా తాళాలు తనే తెచ్చి నా చేతిలో పెట్టింది, నీ దగ్గరుంచమ్మా, నేనెక్కడైనా పారేస్తానేమో అంది. నేను తీసుకున్నాను! అత్తయ్య చాలా ఏళ్ళు బట్టలు కుట్టి మా ఆయన్ని చదివించింది, ఇప్పటికీ వీధిలో ఆడవాళ్ళు జాకెట్లు తెచ్చిస్తుంటారు, అదీ మానేసింది. ఒప్పుకున్న రోజుకి ఇవ్వలేకపోతే మాట పోతుందని అందరికీ తిప్పి పంపేసింది. మిషను మీద దుప్పటి కప్పేసింది. రోజూ పొద్దున్నే వంటింట్లోకి వచ్చి, "ఈవేళ ఏం వారమమ్మా?" అని నన్ను అడుగుతుంది. తెలియక కాదని ఇప్పుడు అర్థమవుతోంది. తనకి తెలిసింది నిజమేనా కాదా అని నన్నడిగి చూసుకుంటోంది. నేనేమో అట్లు తిప్పుతూ, బుధవారం అత్తయ్యా, బుధ, అని ఒత్తి పలికి చెప్పేదాన్ని.

చెప్పకపోతే ఏం? ఈ ఆలోచన కూడా వచ్చింది, రాలేదంటే అబద్ధం. లోపల డాక్టరు ఏవో ప్రశ్నలడుగుతాడు, అత్తయ్య చెబుతుంది, ఏమీ లేదండీ, వయసుకి తగ్గట్టే ఉన్నారు అంటాడు. అందరం సంతోషంగా ఇంటికెళ్తాం. నేను ఆఫీసుకెళ్ళి ఎవరూ చూడకుండా రెండు లైన్లు సరిచేస్తాను, పెట్టెని లూప్ లోపల పెడతాను, ఫంక్షన్ ఏమిచ్చిందో చూస్తాను, వారం పేరుంటే దాటేసి అంకె దగ్గర మొదలుపెడతాను. ఎంతసేపు, టీ తాగేంతసేపు. ఎవరికీ తెలియదు. ఆపరేషన్ అయిపోతుంది, తాళాలు తిరిగి ఇచ్చేస్తాను, ఏదో పండంటి మాట అంటాను, ఇక అంతా మామూలే. ఉద్యోగం ఉంటుంది, మొహం ఉంటుంది, అత్తగారి ముందూ మొగుడి ముందూ తలవంచుకునే పని ఉండదు. అడుసు తొక్కింది ఎవరికీ కనిపించనప్పుడు కాలు కడుక్కోవడం ఎందుకు? ఇంత సులువుగా నా బుర్ర ఇవన్నీ వరసగా పేర్చిపెట్టిందంటే, నాకేమీ ఆశ్చర్యం కూడా కలగలేదు, ఇలాంటివి పేర్చడమే కదా నా ఉద్యోగం.

పక్కన ఏదో గొణుగుడు వినిపిస్తోంది. అత్తయ్య పెదాలు కదులుతున్నాయి. దేవుణ్ణి తలుచుకుంటోందనుకున్నాను మొదట. కాదు. చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, ఈవేళ తారీఖు, నెల, ఏడాది, తను పుట్టిన తారీఖు, మా ఆయన పుట్టిన తారీఖు, నేను పుట్టిన తారీఖు, ఒకదాని తర్వాత ఒకటి, మళ్ళీ మొదట్నుంచీ. పరీక్ష హాలు బయట పిల్లలు చూడండి, అలా. అన్నీ సరిగ్గానే ఉన్నాయి, ఒక్కటీ తప్పు లేదు. నేను చూస్తున్నానని తెలిసి కళ్ళు తెరిచి, దొంగతనం చేస్తూ దొరికిపోయినట్టు నవ్వింది. "లోపల ఇవే అడుగుతారట కదమ్మా. తప్పు చెబితే నీకూ వాడికీ నామర్దా. నువ్వోసారి అడుగు, ఎంతవరకూ వస్తుందో చూద్దాం" అంది. నామర్దా నాకట. సిగ్గు నాకు రాకూడదని ఆవిడ బట్టీపడుతోంది. ఇక ఆగలేకపోయాను.

"అత్తయ్యా, మీరేం మర్చిపోలేదు."

"ఏమిటమ్మా?"

"తారీఖులు. రెండుసార్లూ మీరు మర్చిపోలేదు. మీకు తప్పు మెసేజ్‌లే వచ్చాయి. ఆ అమ్మాయి వారం రాసింది కదా, అది నా ప్రోగ్రాము చదవలేదు, ముందు పేషెంటు తారీఖు మీకు పంపేసింది. అది రాసింది నేనే అత్తయ్యా. రెండోసారి మీరొచ్చి నన్ను అడిగారు కూడా. గురువారం అన్నట్టు గుర్తని. నేను తలెత్తి చూడలేదు. తర్వాత అడగలేదన్నాను."

తిడుతుందని చూశాను. తిట్టాలని చూశాను, నిజం చెప్పాలంటే, ఈ హాలంతా వినేలా ఓ నాలుగు మాటలంటే నాకే తేలికగా ఉండేది. తిట్టలేదు. చేతిసంచి పట్టీని వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ కూర్చుంది.

"అడిగానా?" అంది.

"అడిగారు."

"హాల్లో, నువ్వు లాప్‌టాప్ పెట్టుకుని ఉన్నావు. ఫోను పట్టుకుని నీ పక్కన నిలబడ్డాను."

"అవునత్తయ్యా."

"నిజంగానే అడిగానన్నమాట" అంది, కళ్ళజోడు తీసి కళ్ళు ఒత్తుకుంది, ఆపరేషన్ కావాల్సిన ఆ కంట్లోంచే నీళ్ళు ఎక్కువ కారాయి. అది చూడలేక నేను తల దించుకున్నాను. నన్ను క్షమించండి అనాలి, అంటే ఎంత చిన్న మాటగా ఉంటుంది, ఎక్కడ మొదలుపెట్టను, పాల దగ్గరా, తాళాల దగ్గరా, పొద్దున్నే బుధ అని ఒత్తి పలికిన దగ్గరా. ఏదో ఒకటి అనాలని నోరు తెరిచేలోపు తనే మాట్లాడింది.

"ఆ పిల్ల ముసలాళ్ళందరికీ వారం రాస్తోందిగా?"

ఇంతసేపూ నేను నా గురించే ఆలోచించాను. నేనూ అత్తయ్యా, నా పరువూ, ఆవిడ మొహమూ, అంతే, ఇంకో మనిషి నా తలలోకి రాలేదు. ఇప్పుడొచ్చారు, ఒక్కరు కాదు. మొన్నామధ్య ఆఫీసు మీటింగులో ఆస్పత్రివాళ్ళే అన్నారు, ఈమధ్య పెద్దవయసువాళ్ళు రావాల్సిన రోజుకి రావడం లేదు, వేరే రోజున వచ్చి గొడవపడుతున్నారు అని. వయసు కదండీ, మర్చిపోతుంటారు, మా అత్తగారూ ఇంతే, రెండోసారి గుర్తుచేసే మెసేజ్ కూడా పెడదాం అన్నాను నేను. మంచి ఐడియా అన్నారు. చప్పట్లు కూడా కొట్టారు. రెండో మెసేజూ అదే పెట్టెలోంచి వెళ్తోంది.

"వాళ్ళ ఇళ్ళల్లో కూడా ఓ కోడలో కొడుకో ఉంటారుగా" అంది అత్తయ్య. దెప్పిపొడుపు కాదు, నా వైపు చూడను కూడా చూడలేదు, ఎవరికో ఏదో అవుతోందని కంగారుపడే గొంతుతో అంది. "కంప్యూటర్ తప్పు చెయ్యదని చెప్పేవాళ్ళు."

తలుపు తెరుచుకుంది. నర్సు అత్తయ్య పేరు పిలిచింది. నేను లేవబోతే అత్తయ్యే నా భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టింది.

"నేను వెళ్ళొస్తాలే. నువ్వు ముందు మీ ఆఫీసుకి ఫోన్ చెయ్యి. ఈవేళ సాయంత్రం కూడా వెళ్తాయిగా అవి."

ఫోన్ తీశాను. నంబరు రెండుసార్లు తప్పు నొక్కాను. అవతల మా మేనేజరు, మీటింగుకి వస్తున్నావా అంటున్నాడు, రావడం లేదన్నాను, ఆస్పత్రి మెసేజ్‌లు ఇప్పుడే ఆపించండి, ముసలివాళ్ళకి తప్పు తారీఖులు వెళ్తున్నాయి, వాళ్ళేం మర్చిపోవడం లేదు, ప్రోగ్రాము తప్పు, రాసింది నేను అన్నాను. ఏమిటీ, సరిగ్గా వినపడలేదు అన్నాడు. గట్టిగా చెప్పాను, హాలంతా వినిపించేలా చెప్పాను. రెండు కుర్చీల అవతల ఓ పెద్దావిడ తల తిప్పి చూసింది. చేతిలో ఫోను ఉంది ఆవిడకీ. "ఏం మెసేజ్‌లమ్మా?" అని అడిగింది. పక్కనే కూర్చున్న కొడుకు, "నీకెందుకమ్మా, ఊరుకో" అన్నాడు, తియ్యగా.

నేను లేచి ఆవిడ దగ్గరికి వెళ్ళాను.